దండ వేశాక దస్త్రం అడుగుదాం

ఏప్రిల్ 14 పొద్దున్నే మన పేటల్లో మైకు మోగుద్ది. బాబాసాహెబ్ విగ్రహాన్ని కడుగుతాం. నీలం తోరణాలు కడతాం. దండ వేస్తాం. పిల్లలకు పలకలూ పెన్నులూ పంచుతాం. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఉపన్యాసాలు, రాత్రికి పాటలు. బందరు నుంచి మంగినపూడి దాకా, గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఏ పేటకెళ్లినా ఇదే వరస. మంచిదే. ఎవరూ కాదనరు.

కానీ అదే రోజున అదే ఊళ్లో ఇంకో సభ జరగాలి. అది మన దయతోనో సర్పంచి దయతోనో జరిగే సభ కాదు, చట్టం పెట్టిన సభ. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షను గ్రామసభ గురించి చెబుతుంది. ఏప్రిల్ 14, అక్టోబర్ 3 ఆ సభకు పెట్టిన తేదీలు. ఊళ్లో ఓటున్న ప్రతివాడూ, ప్రతిదీ అందులో సభ్యులే. కిందటేడు ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది, ఆడిటరు ఏం రాశాడు, ఈ ఏడు ఏ పనులు చేస్తారు, కొత్త పన్నులేమైనా వేస్తారా అన్నవన్నీ ఆ సభ ముందు పెట్టాలి.

మనం విగ్రహం దగ్గరుంటాం. సభ పంచాయతీ ఆఫీసు అరుగు మీద పావుగంటలో అయిపోద్ది. చాలా ఊళ్లలో అదీ జరగదు. మినిట్సు పుస్తకం చేతులు మారుద్ది, సంతకాలు నిండుతాయి. మరుసటి ఏప్రిల్ దాకా ఆ మాటే ఉండదు. బాబాసాహెబ్ పుట్టినరోజు నాడు ఆయన పిల్లలే జమాఖర్చు అడగకుండా ఉంటే, అది ఎవరికి పండగ?

ఈ సంచికలో అందుకే కవిత్వం పక్కన పెట్టి లెక్క చెబుతున్నాం. విసుగనిపించినా చదవండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

లెక్కల మనిషి

అంబేద్కర్‌ను మనం రాజ్యాంగం చేతిలో పట్టుకున్న మనిషిగా చూస్తాం. ఆయన అంతకుముందే ఖజానా లెక్కలు చదివిన మనిషి. 1923లో లండన్‌లో డాక్టరేటు తీసుకున్నది రూపాయి సమస్య మీద. 1925లో అచ్చయిన పుస్తకం బ్రిటిషు ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల మీద. 1833 నుంచి 1921 దాకా పై సర్కారు దగ్గర డబ్బెంత ఉంది, కింది సర్కారుకు ఎంత విడిచింది అని ఆయన వరసగా తవ్వి చూపించాడు. డబ్బు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదన్న సంగతి ఆయనకు పుస్తకాల్లోనూ తెలుసు, బతుకులోనూ తెలుసు.

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన కథ మనందరికీ తెలుసు. దాని వెనక ఉన్న డబ్బు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ డబ్బుతో కట్టిన, ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులూ బావులూ బడులూ అంటరానివాళ్లకూ తెరిచి ఉండాలన్నది ఆ తీర్మానం. మహద్ మునిసిపాలిటీ ఆ ప్రకారం 1924లో చెరువు తెరుస్తున్నామని కాగితం మీద రాసింది. కాగితం మీదే ఉంచింది. బాబాసాహెబ్ వెళ్లి ఆ కాగితాన్ని నీళ్లలో నిజం చేశాడు. అది అందరి డబ్బు, కాబట్టి అందరి నీళ్లు. మహద్ పోరాటం వెనకున్న వాదన అది.

మన దగ్గర కారంచేడు కూడా నీళ్ల దగ్గరే మొదలయింది. మాదిగలు తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి కడగడాన్ని ఒక మాదిగ స్త్రీ ఎదిరించింది. 1985 జూలై 17న ఆరుగురి ప్రాణాలు తీశారు. చెరువు, వీధి, లైటు, శ్మశానం దారి చిన్న విషయాలు కావు. వీటి మీద ఖర్చయ్యే ప్రతి రూపాయి వెనకా ఊళ్లో ఎవరు మనిషి, ఎవరు కాదు అన్న లెక్క ఉంది.

చెరువూ నాలుగు కాలవలూ

మన డెల్టా జనానికి కాలవ భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుద్ది. పంచాయతీ నిధి ఒక చెరువు అనుకోండి. దాంట్లోకి నాలుగు కాలవలు వచ్చి పడతాయి.

మొదటి కాలవ ఊళ్లోనే పుట్టేది. ఇంటి పన్ను, కుళాయి రుసుము, ఖాళీ స్థలాల పన్ను, ఊళ్లో అమ్ముడయ్యే సరుకు మీద కాటా రుసుము, లైసెన్సు ఫీజులు ఇందులోవి. పంచాయతీ చెరువులో చేపల పాట, సంత పాట, కొబ్బరి చెట్ల పాట, షాపుల అద్దెలు కూడా ఇందులోవే. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. రూపాయికి ఎనిమిది పైసలు. అంటే అయిదొందల పన్నుకు నలభై రూపాయలు. అది పంచాయతీ సొమ్ము కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. మన పేట పిల్లలు పుస్తకం చదవడానికి మనం కట్టే డబ్బు అది. మరి మన పేటకు దగ్గర్లో లైబ్రరీ ఎక్కడుంది? అడగడానికి ఇదొక ప్రశ్న.

రెండో కాలవ ప్రభుత్వం వసూలు చేసి మనకు పంచేది. ఊళ్లో ఎవరైనా పొలమో స్థలమో అమ్మితే రిజిస్ట్రేషను ఆఫీసులో స్టాంపు డ్యూటీతో పాటు బదలాయింపు సుంకం కడతారు. అది విలువ మీద నూటికి రూపాయిన్నర. లక్ష రూపాయల స్థలం అమ్మితే 1,500. దాన్ని పంచాయతీకి మూడు వంతులు, మండల పరిషత్తుకు ఒకటి, జిల్లా పరిషత్తుకు ఒకటి చొప్పున అయిదు వాటాలు చేస్తారు. అంటే పంచాయతీకి 900. ఇసుక, కంకర లాంటి వాటి మీద వచ్చే సీనరేజిలోనూ వాటా ఉంది. వృత్తి పన్నులోనూ ఉంది. సినిమా హాళ్ల వినోద పన్నులో వాటా ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది.

మూడో కాలవ రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు. ఇది ఎండిన కాలవ. తలసరి గ్రాంటని మనిషికి ఏడాదికి నాలుగు రూపాయల లెక్కన ఏళ్లకేళ్లు నడిపారు. నాలుగు రూపాయలకు టీ కూడా రాదు. ఇంకోటి వినండి. ఆగస్టు 15, జనవరి 26 జెండా పండగలు చేయడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చేవాళ్లు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ అంకె కదల్లేదు. 2024లో దాన్ని పదివేలు, పాతికవేలు చేశారు. బాగానే ఉంది. కానీ ముప్పయ్యేళ్లు వంద రూపాయలతో స్వాతంత్ర్యం జరుపుకోమన్నవాళ్లు ఊరిని ఎట్లా చూశారో ఆ వంద కాగితమే చెబుతోంది.

నాలుగో కాలవ కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. ఈ రోజుల్లో చాలా చిన్న పంచాయతీలు బతికేది దీని మీదే. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా అయిదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. వంద రూపాయలొస్తే అందులో అరవై కట్టుబడి డబ్బు. ముప్పయి తాగునీటికి, ముప్పయి పారిశుధ్యానికి. మిగతా నలభై ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు, కానీ జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడకూడదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ గ్రాంటు పంచేది ప్రధానంగా తలకాయల లెక్క మీద. నూటికి తొంభై వంతులు జనాభాకు, పది వంతులు విస్తీర్ణానికి. పెద్దకాపు తలకాయకు ఎంత విలువో, మాలపల్లిలో ముసలమ్మ తలకాయకూ అంతే విలువ. ఢిల్లీ దగ్గర మనల్ని లెక్కపెట్టి ఊరికి డబ్బు తెస్తారు. ఊళ్లోకి వచ్చాక ఆ డబ్బు రామాలయం వీధిలో ఆగిపోద్ది. కాలవ కింద శివారు భూమికి నీళ్లందనట్టే ఊరి నిధి శివారు పేటకు అందదు. కృష్ణ నీళ్లు ప్రకాశం బ్యారేజి దగ్గర బయలుదేరి మంగినపూడి శివార్లకు వచ్చేసరికి ఎంత మిగులుతాయో మనకు తెలుసు. డబ్బు సంగతీ అంతే. పైన తూములు ఎవరు ఎత్తుకున్నారో చూడకుండా నీళ్లు రాలేదని ఏడిస్తే లాభం లేదు.

ఒక లెక్క వేద్దాం

ఇది ఏ ఊరి లెక్కా కాదు. అర్థం కావడానికి మేం వేసిన లెక్క. ఒక ఊళ్లో ఇంటి పన్ను డిమాండు ఏడాదికి 6 లక్షలు. వసూలయింది 3 లక్షల 60 వేలు. చెరువు పాట, చిల్లర అద్దెలు కలిపి 1 లక్షా 40 వేలు. మొత్తం సొంత ఆదాయం 5 లక్షలు.

ఇందులో సిబ్బంది జీతాలు 30 శాతం దాటకూడదని నిబంధన. అంటే లక్షా యాభై వేలు. పంచాయతీరాజ్ సంస్థల సొంత నిధుల్లో 15 శాతం షెడ్యూల్డు కులాల కోసం, 6 శాతం షెడ్యూల్డు తెగల కోసం ఖర్చు పెట్టాలని ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. అయిదు లక్షలకు 15 శాతం అంటే 75 వేలు. అయిదేళ్లకు 3 లక్షల 75 వేలు. ఈ డబ్బు ఎవరి దయా కాదు. మన వాటా. మీ ఊళ్లో గత అయిదేళ్లలో ఈ పద్దు కింద ఎంత రాశారు, ఏ పని చూపించారు? ఊరందరికీ పోసిన బ్లీచింగు పౌడరును మన వాటా కింద రాసుకుంటే ఒప్పుకోవద్దు. అది ఊరి ఖర్చు. మన పద్దు వేరు.

ఇప్పుడు వసూలు కాని డబ్బు చూద్దాం. 6 లక్షల్లో 2 లక్షల 40 వేలు రాలేదు. ఊళ్లో మాట ఏంటి? "ఆ పేటవాళ్లు పన్ను కట్టరు, పనులు మాత్రం అడుగుతారు." సరే, లెక్క తీయండి. మన పేటలో 200 ఇళ్లు, ఇంటికి 300 పన్ను అనుకుంటే మొత్తం 60 వేలు. మనలో ఒక్కరంటే ఒక్కరు కట్టకపోయినా 60 వేలే. మిగతా లక్షా ఎనభై వేలు ఎవరి దగ్గరున్నాయి? రైసు మిల్లుదా, గోడౌనుదా, మేడల వీధిదా? డిమాండు, వసూలు, బాకీ రాసే పుస్తకాన్ని ఆఫీసులో డీసీబీ రిజిస్టరు అంటారు. పేరు పేరునా బాకీ అందులో ఉంటుంది. ఆ జాబితాను గ్రామసభలో చదవమనండి. నోటితో వేసే నింద పుస్తకం ముందు నిలబడదు.

అదే సమయంలో మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. "మా పేటకు డ్రెయినే లేదు, పన్నెందుకు కట్టాలి" అని మనలో చాలామంది అంటారు. కోపం న్యాయమైనదే. ఆ దారి మాత్రం మనకే నష్టం. రసీదు చేతిలో ఉన్నవాడు గ్రామసభలో నిలబడి అడిగితే ఆఫీసు మాట తడబడుద్ది. రసీదు లేనివాడు అడిగితే మొదటి మాట "నీ బాకీ ఎంత" అని వస్తుంది. పైగా ఆ రసీదు నీ ఇంటికి ఒక రుజువు కూడా. రేపు వరదొచ్చినా, రోడ్డు వెడల్పు చేసినా, పోర్టని, లేఅవుటని ఎవరొచ్చినా ఇక్కడ ఈ ఇల్లుందని చెప్పే కాగితాల్లో అదొకటి. పన్ను కడదాం. కట్టి అడుగుదాం.

ఖర్చు ఎటు పోతోంది

చెరువులోంచి బయటికి పోయే తూములు చూడండి. వీధి లైట్ల కరెంటు, నీళ్ల మోటారు కరెంటు, మోటారు రిపేర్లు, బ్లీచింగు, పైపులైను లీకులు, ట్రాక్టరు డీజిలు, మురుగు తీత, పారిశుధ్య కార్మికుల వేతనాలు. మన ప్రాంతంలో నీటి ఖర్చు ఎక్కువ. బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కాలవ నీళ్లు చెరువుకు ఎక్కించి, వడకట్టి, ట్యాంకుకు తోలాలి. ఇది నిజమైన ఖర్చే, దీన్ని మనం కాదనం.

కానీ మురుగు కాలవలోకి దిగేది ఎవరు? మన అన్నలూ, మన అక్కలూ. బిల్లులు రాసేటప్పుడు అందరికంటే ఆఖరున వచ్చేది వాళ్ల వేతనమే. నెలల తరబడి ఆగినా అడిగే నాథుడుండడు. కరెంటు బిల్లు ఆగితే లైన్‌మ్యాను ఫ్యూజు పీకుతాడు. కూలి ఆగితే ఏం పీకాలి? అందుకే బడ్జెట్లో మొదటి గీత పారిశుధ్య కార్మికుల వేతనం ఉండాలని గ్రామసభలో తీర్మానం పెట్టాలి. చేతికి తొడుగూ కాలికి బూటూ ఎన్ని కొన్నారో బిల్లు చూపించమనాలి.

పంచాయతీ చేతికి రాకుండా పైనుంచి నేరుగా ఊళ్లో ఖర్చయ్యే డబ్బూ ఉంది. 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టాన్ని పదేళ్ల గడువు తీరాక 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ చట్టం కింద డబ్బు మన జనాభా దామాషాలో మనకే ఖర్చు కావాలి. ఎంపీ నిధుల్లో 15 శాతం మన పేటలున్న చోట, 7.5 శాతం గిరిజనులున్న చోట పెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిమెంటు రోడ్డు పడితే బోర్డు మీద ఏ పద్దో చదవండి. ఉప ప్రణాళిక డబ్బుతో వేసిన రోడ్డు మన పేటలో మొదలై ఎవరి చేపల చెరువు గట్టు దగ్గర ఆగిందో కొలిచి చూడండి.

సంతకం ఎవరిది, పెత్తనం ఎవరిది

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మన జనాభా దామాషాలో సర్పంచి పదవులు రిజర్వయ్యాయి, ఆడవాళ్లకూ రిజర్వయ్యాయి. కుర్చీ వచ్చింది. కుర్చీ వెనక చేయి మాత్రం చాలా ఊళ్లలో పాతదే. దళిత సర్పంచి చేత ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుని, చెక్కు పుస్తకం కాపు ఇంట్లోనో కమ్మ ఇంట్లోనో దాచే ఊళ్లు మనకు కొత్త కాదు. ఇలా సంతకాలు పెట్టే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఆడిటరు వచ్చాక "ఈ ఖర్చుకు ఓచరు లేదు" అని రాస్తే, ఆ డబ్బు కట్టమని తాఖీదు వచ్చేది నీ పేరు మీదే. చెక్కు పుస్తకం దాచినాయన పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. పెత్తనం వాళ్లది, జైలు నీది. తెలియని కాగితం మీద సంతకం పెట్టకు. అర్థం కాకపోతే పేటలో చదువుకున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకో.

ఆ కుర్చీ ఎంత ఖరీదైనదో తమిళనాడులో మేలవళవు చెప్పింది. రిజర్వయిన పంచాయతీకి అధ్యక్షుడైన మురుగేశన్‌ను, మరో అయిదుగురిని 1997 జూన్ 30న బస్సు ఆపి నరికేశారు. ఖాళీ కుర్చీ కోసం ఎవడూ మనుషుల్ని చంపడు. ఆ కుర్చీలో దళితుడు కూర్చుంటే ఊరి డబ్బూ, ఊరి చెరువులూ, ఊరి మాటా చేతులు మారతాయని వాళ్లకు తెలుసు. మనకే ఇంకా సరిగా తెలియలేదు.

2021లో మన రాష్ట్రంలో ఎన్నికలు జరిగినప్పుడు ఏకగ్రీవమైతే జనాభాను బట్టి అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏకగ్రీవం అంటే ఊరంతా ఒకే గొంతు అని అర్థం. మన ఊళ్లలో ఆ ఒకే గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. పోటీయే లేని చోట లెక్క అడిగేవాడూ ఉండడు. ఓటుకు డబ్బిస్తే నేరం, ఓటే లేకుండా చేస్తే బహుమానం. ఇదెక్కడి న్యాయమో మాకర్థం కాలేదు.

సర్పంచి ఒక్కణ్ణే తిట్టొద్దు

లెక్క తెలిసినవాడు ఎవరిని ఏం అడగాలో తెలుసుకుని అడుగుతాడు. అన్ని తప్పులూ ఊళ్లో జరిగేవి కావు. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరితే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంటు ఆపింది. మనం ఓటేయకపోవడం వల్ల కాదు, వాళ్లు పెట్టకపోవడం వల్ల. ఆ తర్వాత 2021లోనే పంచాయతీ ఖాతాల్లో ఉన్న ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద మళ్లించుకున్నారని సర్పంచులు పార్టీలతో పనిలేకుండా రోడ్డెక్కారు. వాళ్లలో మన సర్పంచులూ ఉన్నారు. అప్పులు చేసి పనులు చేయించి, బిల్లులు రాక, అప్పులవాళ్లకు మొహం చూపించలేకపోయినవాళ్లు ఉన్నారు.

రాజ్యాంగం 243ఐ అధికరణ ప్రకారం ప్రతి అయిదేళ్లకూ రాష్ట్రం ఒక ఆర్థిక సంఘం వేసి, తన ఆదాయంలో పంచాయతీలకు ఎంత వాటానో తేల్చాలి. దేశంలో చాలా రాష్ట్రాలు దీన్ని పట్టించుకోకపోతే, సంఘం వేయని రాష్ట్రానికి 2024 మార్చి తర్వాత గ్రాంటు ఇవ్వొద్దని 15వ ఆర్థిక సంఘం చెప్పాల్సి వచ్చింది. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు, ఊరు కూర్చుని పనులు రాసుకుంది. అక్కడా దళితుల కష్టాలు తీరిపోలేదు. కానీ అడగడానికి ఊళ్లో డబ్బంటూ ఉంది.

కాబట్టి సర్పంచిని అడిగే గొంతే ఎమ్మెల్యేనూ మంత్రినీ అడగాలి. ఊళ్లో దళిత సర్పంచి ఉంటే ఇంకా జాగ్రత్తగా అడగాలి. ఆమెను పడగొట్టడానికి కాచుకున్నవాళ్లకు మన ప్రశ్న కత్తి కాకూడదు. పుస్తకం తెరవడమే ఆమెకు రక్ష. తెరిచిన పుస్తకం మీద ఎవడూ బురద చల్లలేడు.

సముద్రం పక్క డబ్బు

మంగినపూడి పేరు ఇప్పుడు పెద్దవాళ్ల నోళ్లలో నానుతోంది. కార్తీక పున్నానికి చిలకలపూడి పాండురంగడి దగ్గర్నుంచి సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. బీచికి పండగలు చేస్తున్నారు. 2016లో మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి రాళ్లు పడిన పోర్టుకు 2023 మే 22న తపసిపూడి దగ్గర మళ్లీ శంకుస్థాపన జరిగి పనులు మొదలయ్యాయి. పోర్టు వెనక గోడౌన్లొస్తాయి, లాడ్జీలొస్తాయి, లేఅవుట్లొస్తాయి. స్థలాలు చేతులు మారతాయి.

పైన చెప్పిన లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. కోటి రూపాయల స్థలం అమ్ముడైతే లక్షా యాభై వేలు బదలాయింపు సుంకం, అందులో 90 వేలు పంచాయతీ వాటా. ఏడాదిలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని కోట్ల స్థలాలు రిజిస్టరయ్యాయి? ఎంత వాటా జమయింది? ఎంత బాకీ ఉంది? బండ్లు నిలిపే పాట ఎవరు పాడారు, ఎవరి ఖాతాలో పడింది? కొట్ల అద్దెలు ఎవరివి? లేఅవుటు ఫీజులో పంచాయతీకి ఎంత, పట్టణాభివృద్ధి సంస్థకు ఎంత? పండగ మర్నాడు ఇసకలో చెత్త ఏరేది మన ఆడవాళ్లయితే, ఆ కూలి ఏ పద్దులోది? మేం ఎవరి మీదా నింద వేయడం లేదు. ప్రశ్నలు రాస్తున్నాం. జవాబులు దస్త్రంలో ఉంటాయి. ఉండాలి.

ఇవాళ అడగకపోతే రేపు మంగినపూడి చుట్టూ డబ్బు పారుద్ది, మన పేట దాని ఒడ్డున దాహంతో నిలబడుద్ది.

ఏం చేద్దాం

ఒకటి. పేటకు అయిదుగురితో లెక్కల కమిటీ వేసుకోండి. అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఒకరు పారిశుధ్య కార్మికులు ఉండాలి, పదో తరగతి దాటిన పిల్ల ఒకతి ఉండాలి. మాల, మాదిగ తేడా ఈ కమిటీలో పనికిరాదు. యానాదుల గుడిసెలనూ పల్లెకారులనూ కలుపుకోండి. లెక్క దగ్గర విడిపోతే వాళ్లకే లాభం.

రెండు. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పయి రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి ఇవి: మూడేళ్ల నగదు పుస్తకం, డీసీబీ రిజిస్టరు, పాటల ఫైలు, చేసిన పనుల ఎం-బుక్కు, ఆడిట్ రిపోర్టు, గ్రామసభ మినిట్సు పుస్తకం. ఒక్కడి పేరు మీద పెట్టొద్దు. పదిమంది పది కాగితాలు పెట్టండి. ఒక్కడైతే బెదిరిస్తారు.

మూడు. కేంద్రం డబ్బు వివరాలు 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే పోర్టల్లో ఊరి పేరుతో ఉంటాయి. సెల్‌ఫోను పట్టుకున్న కుర్రాళ్లు సినిమా పాటల మధ్య పది నిమిషాలు అది చూడండి. అక్కడ రాసిన పని ఊళ్లో ఉందో లేదో నడిచి చూడండి.

నాలుగు. ఎం-బుక్కులో రోడ్డు పొడవూ వెడల్పూ మందమూ రాసి ఉంటాయి. టేపు పట్టుకుని కొలవండి. ఉపాధి పథకం మొదలైన 2006లోనే మన రాష్ట్రంలో కూలోళ్లు సామాజిక తనిఖీలో మస్టర్లు చదివించి దొంగ పేర్లు పట్టుకోవడం మొదలుపెట్టారు. మట్టి పని మస్టరు పట్టినవాళ్లకు సిమెంటు రోడ్డు కొలత ఎంత?

అయిదు. ఏప్రిల్ 14 పొద్దున దండ వేయండి. పదింటికి విగ్రహం దగ్గర్నుంచి అందరం కలిసి పంచాయతీ ఆఫీసుకు నడుద్దాం. మన 15 శాతం పద్దు చదవమందాం, బాకీల జాబితా చదవమందాం, శ్మశానం దారి ఈ ఏటి పనుల్లో రాయమందాం. చదివిన తర్వాతే మినిట్సు పుస్తకంలో సంతకం. సభ పెట్టకపోతే పెట్టలేదని రాసి, అందరం సంతకాలు చేసి ఎంపీడీఓకూ జిల్లా పంచాయతీ అధికారికీ పంపుదాం. మళ్లీ అక్టోబర్ 3 ఉండనే ఉంది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టామని ప్రభుత్వం ఘనంగా చెప్పుకుంది. సభలు పెట్టడం గొప్ప కాదు. ఆ సభలో శివారు పేట నుంచి వచ్చిన ఆడమనిషి నిలబడి "మా వాటా ఎంతయ్యా" అని అడిగి, జవాబు విని, కూర్చుంటే అదీ సభ.

ఊరంటే అజ్ఞానానికీ సంకుచితత్వానికీ గుహ అని బాబాసాహెబ్ రాజ్యాంగ సభలోనే తెగేసి చెప్పాడు. ఆ గుహ గోడల్లో ఎక్కడెక్కడ సందులున్నాయో ఊరి జమాఖర్చు పుస్తకం చూపిస్తుంది. చదవడం నేర్చుకుందాం. మీ ఊరి లెక్క మాకు రాయండి. ఎంతొచ్చిందో, మన పేటకు ఎంత చేరిందో రాయండి. వచ్చిన ప్రతి లెక్కా సరిచూసుకుని ఈ పేజీల్లో వేస్తాం.

జై భీమ్.